హండీ మాది, గల్లాపెట్టె వాళ్ళది

మా తమ్ముడికి పేరు లేదు. ఇంట్లో ఉంది. రేషన్ కార్డులో ఉంది. ఓటర్ల జాబితాలో తప్పుగానైనా ఉంది. హైవే పక్కన వాడు పనిచేసే హోటల్లో మాత్రం లేదు. అక్కడ వాడు ‘మాస్టర్’. ఓనరుకీ మాస్టరే, సప్లయర్ కుర్రాళ్ళకీ మాస్టరే, తెల్లారుజామున మాంసం దించిపోయే ఆటో అతనికీ మాస్టరే. పద్దెనిమిదేళ్ళుగా హండీ అంచుకి పిండి అతికి, మూత బిగించి, మూత మీద నిప్పులు పోసి, ఆవిరి బయటికి పోకుండా కాపలా కాస్తున్నాడు. హోటల్ ముందు లారీ అంత ఫ్లెక్సీ. ‘హైదరాబాదీ దమ్ బిర్యానీ’ అని అక్షరాలు. పక్కన షేర్వానీ తొడుక్కుని, టోపీ పెట్టుకుని నవ్వుతున్న సాయిబు బొమ్మ. ఆ ఫ్లెక్సీకి ఒక సాయిబు కావాలి. పొయ్యి దగ్గరికి ఒక సాయిబు కావాలి. గల్లాపెట్టె దగ్గరికి మాత్రం అక్కర్లేదు.

ఆ ఓనరు చెడ్డవాడని నేననడం లేదు. రంజాన్ నెలలో సాయంత్రం రోజా విడవడానికి అరగంట ఇస్తాడు. పండక్కి బట్టలు పెడతాడు. మా అమ్మకి ఆపరేషనైతే అడ్వాన్సు ఇచ్చాడు, నెలనెలా పట్టుకున్నాడనుకోండి. నా గొడవ ఆయన మంచితనంతో కాదు. పొగాకు మీద, పత్తి మీద, మిర్చి మీద మిగిలిన డబ్బు ఈ ప్రాంతంలో హోటలవుతుంది, కల్యాణ మండపమవుతుంది, ఇంజనీరింగ్ కాలేజీ అవుతుంది. చేతిలో ఉన్న పని మాత్రం పద్దెనిమిదేళ్ళు గడిచినా పనిగానే ఉండిపోతుంది. ఎందుకలా అని అడగడమే నా గొడవ.

అడిగితే జవాబు సిద్ధంగా ఉంటుంది. ‘సాయిబులకేమయ్యా, చేతిలో పనుంటుంది. రెక్కాడినన్నాళ్ళు తిండికి లోటుండదు. ఉద్యోగాల కోసం ఎదురు చూడరు.’ చిన్నప్పటినుంచీ వింటున్నాను. కరణం గారు అన్నారు, హెడ్మాస్టరు అన్నారు. ఎర్రజెండా మోసిన మిత్రులు కూడా మెచ్చుకోలుగానే అన్నారు. మావాళ్ళు కష్టజీవులట. నిజమే, కష్టజీవులమే. టీ బంకు, చికెన్ కొట్టు, పండ్ల బండి, సమోసా బుట్ట, రాత్రిపూట పరోటా పొయ్యి. గుంటూరు నుంచి మార్కాపురం దాకా ఏ బస్టాండులో దిగినా మావాడొకడు గ్లాసులు కడుగుతూనో, కత్తి నూరుతూనో కనిపిస్తాడు. అది చూసి మీరు ‘స్వయం ఉపాధి’ అంటారు. ఉద్యోగం దొరకనివాడు ఆకలికి తట్టుకోలేక వీధిలో నాలుగు చక్రాలు నిలబెట్టుకుంటే దానికి మీరు పెట్టిన ముద్దుపేరది.

ఇది నా ఉక్రోషం కాదు, లెక్కలున్నాయి. 2006లో వచ్చిన సచార్ కమిటీ నివేదిక చూడండి. పట్టణాల్లో పనిచేసే ముస్లింలలో నెల జీతం వచ్చే పనిలో ఉన్నది 27 శాతం. ఎస్సీ, ఎస్టీల్లో అది 40, బీసీల్లో 36, హిందూ అగ్రవర్ణాల్లో 49. పనిచేసే ముస్లిం మగవాళ్ళలో వీధుల్లో సరుకు అమ్ముకునేవాళ్ళు 12 శాతం పైన. దేశం మొత్తం మీద ఆ సంఖ్య 8 శాతం లోపే. బండి తోసుకోవడం మా రక్తంలో ఏమీ లేదు. జీతం తలుపు మూసుకుంటే తెరుచుకుని ఉన్నది వీధి ఒక్కటే.

మా నాయనకి చిలకలూరిపేటలో జిన్నింగ్ మిల్లు గేటు ఎదురుగా టీ కొట్టుండేది. పత్తి సీజన్లో నాలుగు నెలలు రాత్రింబవళ్ళు పొయ్యి ఆరేది కాదు. బోరేలు దించే హమాలీలు, బండ్ల వాళ్ళు, గుమస్తాలు, ప్రకాశం జిల్లా పల్లెల నుంచి పత్తి వేసుకొచ్చిన రైతులు. రైతులు మిల్లు వాళ్ళ దగ్గర డబ్బు చేతికొచ్చాక తిరుగుదారిలో ఇచ్చేవాళ్ళు. అప్పటిదాకా ఖాతా. 1987-88లో తెల్లదోమ వచ్చి పత్తి తుడుచుకుపోయింది. గుంటూరు, ప్రకాశం పల్లెల్లో పత్తి రైతులు పురుగుమందు తాగి చచ్చిపోయారు. దేశమంతా మాట్లాడుకుంది, మాట్లాడుకోవాలి కూడా. మా నాయన ఖాతా పుస్తకంలో ఆ చచ్చిపోయినవాళ్ళలో ఇద్దరి పేర్లున్నాయి. ఆయన ఆ రెండు పేజీలు చింపి పొయ్యిలో వేశాడు. వసూలుకి వెళ్ళడానికి మొహం చెల్లలేదన్నాడు. ఆ ఏడు మా అక్క చదువు ఆగిపోయింది. పత్తి పోతే రైతు నష్టపోయాడని రాస్తారు. రైతుకి టీ పోసినవాడు ఏమయ్యాడో ఎవరూ రాయలేదు.

ఇప్పుడైనా రాస్తున్నారా? 2025 ఫిబ్రవరిలో మిర్చి ధర పడిపోతే కేంద్రం క్వింటాలుకి 11,781 రూపాయలని ఒక అంకె ప్రకటించింది. అది చాలదని రైతులు అరిచారు, న్యాయమే. ఆ అంకెలో గుంటూరు యార్డు చుట్టూ తట్టల్లో ఇడ్లీలు మోసుకొచ్చే ఆడవాళ్ళు లేరు. కాయకి తొడిమ తీసి, రాత్రికి మంట పుట్టే చేతులతో అన్నం కలుపుకోలేక చెంచాతో తినే మా బూబమ్మలు లేరు. మీ కూరలో పడే కారం మా ఇళ్ళల్లో అరచేతుల్లోంచి వస్తుంది.

మా నాయన కొట్టుకి ఒక పేరుండేది. ‘ఫ్రెండ్స్ టీ స్టాల్.’ పేటలో అలాంటివి చాలా ఉండేవి: భారత్, స్టార్, జనతా, ఫ్రెండ్స్. ఆ పేర్ల వెనకాల ఉన్నది మస్తాన్‌లూ, బాజీలూ, సైదాలూ. ఎవరూ చెప్పకుండానే తెలుసు మావాళ్ళకి, బోర్డు మీద పేరు పెట్టుకుంటే కొన్ని గ్లాసులు తగ్గుతాయని. 1992 డిసెంబరు 6 తర్వాత కొన్నాళ్ళు ఆ తగ్గడం లెక్కకే తెలిసింది. పేరు పెట్టకపోయినా తగ్గాయి. ఏళ్ళ తరబడి మా కొట్లో పేపరు చదివినాయన ఎదురు బంకుకి మారాడు. మా నాయన్ని తిట్టలేదు, కొట్టలేదు. నాలుగడుగులు అటు వేశాడంతే. మతతత్వమంటే కత్తులూ కటార్లే అనుకునే లౌకికవాద మిత్రులకి ఆ నాలుగడుగులు ఎప్పటికీ కనపడవు.

తర్వాత రోడ్డు వెడల్పయింది. కలకత్తా-మద్రాసు రోడ్డు నాలుగు వరసలయింది, తర్వాత ఆరు. రోడ్డుకి అటూఇటూ బంకులు పెట్టుకున్నవాళ్ళకి నష్టపరిహారం లేదు, పట్టా ఉంటే కదా! రోడ్డుకి దూరంగా, కారు ఆపుకోవడానికి ఎకరం జాగా ఉన్నచోట హోటళ్ళు లేచాయి. బంకు ఓనర్లు ఆ హోటళ్ళల్లో టీ మాస్టర్లూ పరోటా మాస్టర్లూ అయ్యారు. ఒక తరంలో జరిగిన మార్పిది. చిన్నదో పెద్దదో తన గల్లాపెట్టె తనకున్నవాడు ఇంకొకడి గల్లాపెట్టెకి కూలి అయ్యాడు. రాష్ట్రంలో ఆహార రంగం పెరుగుతోంది, ఉపాధి పెరుగుతోంది అంటారు. నిజమే, పెరిగింది. ఎవరు ఏ మెట్టు మీద ఉన్నారో కూడా లెక్కవేసి చెప్పండి.

2006లో రిలయన్స్ ఫ్రెష్ మొదటి కొట్టు హైదరాబాదులో తెరిచారు. 2012లో చిల్లర వర్తకంలో 51 శాతం విదేశీ పెట్టుబడికి తలుపు తీశారు. వామపక్షాలు ధర్నాలు చేశాయి. నేనూ వెళ్ళాను, జెండా పట్టుకున్నాను. అక్కడ మాట్లాడినవాళ్ళంతా కిరాణా కొట్టు గురించి మాట్లాడారు. పండ్ల బండి, గుడ్ల బండి, మాంసం కొట్టు ఒక్కరి నోటా రాలేదు. ఏసీ కొట్లో ప్లాస్టిక్ కాగితం చుట్టి కోడిమాంసం అమ్మితే పోయేది ఎవరి కత్తి? ఆ ఏసీ కొట్లో అమ్మాయిలకి ఉద్యోగాలొస్తాయి కదా అన్నారు. వచ్చాయి. మా వీధి అమ్మాయి ఇంటర్ చదివి ఒక సూపర్‌మార్కెట్‌కి వెళ్ళింది. లెక్కల పరీక్ష పాసయింది. ‘తలమీద గుడ్డ తీసేస్తావా? యూనిఫారం అందరికీ ఒకటే’ అన్నారట. నెత్తిన పూలు పెట్టుకోవచ్చు, బొట్టు పెట్టుకోవచ్చు, అవి యూనిఫారానికి అడ్డం కాదు. ఆ పిల్ల ఇప్పుడు ఇంట్లో కూర్చుని ఉల్లిపాయలు తరుగుతుంది, బిర్యానీ పాయింటుకి. కిలోకి ఇంత అని.

రిజర్వేషన్ ఇచ్చాం కదా అంటారు. 2007లో బీసీ-ఇ కింద నాలుగు శాతం ఇచ్చారు. 2010లో హైకోర్టు కొట్టేసింది, సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వు మీద ఇవాళ్టికీ నడుస్తోంది. దానివల్ల మా పిల్లలు కొంతమంది డాక్టర్లయ్యారు, ఇంజనీర్లయ్యారు, కాదనను. కానీ అది ప్రభుత్వ ఉద్యోగాలకీ చదువులకీ. ప్రభుత్వ కొలువులు కాంట్రాక్టులోకీ, అవుట్‌సోర్సింగ్‌లోకీ జారిపోయాక, పనులన్నీ మాల్సులోకీ, హోటళ్ళలోకీ, యాప్‌లలోకీ వెళ్ళిపోయాక నాలుగు శాతం మా చేతికొచ్చింది. బండి వెళ్ళిపోయాక టిక్కెట్టు ఇచ్చినట్టు.

యాప్‌ల సంగతి కూడా చెప్పాలి. మా అక్క కొడుకు బీకాం. రెండేళ్ళు కోచింగ్, రెండు నోటిఫికేషన్లు, చివరికి వీపుమీద పెట్టె. వాడికి ఓనరు లేడు, సెల్‌ఫోనే ఓనరు. ఇంతకుముందు మమ్మల్ని వద్దనుకునేవాడు నాలుగడుగులు అటు వేయాల్సి వచ్చేది. ఇప్పుడు ఆ కష్టం కూడా లేదు, ఫోనులో రాస్తే చాలు. 2022 ఆగస్టులో హైదరాబాదులో ఒక కస్టమరు స్విగ్గీ ఆర్డరుతోపాటు ముస్లిం డెలివరీ మనిషి వద్దని రాశాడు. గిగ్ వర్కర్ల యూనియన్ నాయకుడు షేక్ సలావుద్దీన్ దాన్ని బయటపెట్టి కంపెనీని నిలదీశాడు. ఆయన నిలదీశాడు కాబట్టి మనకి తెలిసింది. ఆ కస్టమరు తెప్పించుకున్నది ఏం కూరో, దాన్ని వండింది ఎవరో నాకు తెలుసుకోవాలనుంది. వండినవాడికి పేరు లేదు కాబట్టి ఆయనకి అభ్యంతరం లేకపోయింది. తెచ్చేవాడికి ఫోనులో పేరు కనపడుతుంది కాబట్టి వచ్చింది.

పేరు! మొత్తం గొడవంతా పేరు దగ్గరే ఉంది. 2024 జులైలో ఉత్తరప్రదేశ్‌లో కావడి యాత్ర దారిలో ఉన్న హోటళ్ళు, బండ్లు ఓనర్ల పేర్లు బోర్డు మీద రాయాలని పోలీసులు హుకుం జారీ చేశారు. జులై 22న సుప్రీంకోర్టు దాన్ని ఆపింది, ఏం తిండి పెడుతున్నారో రాస్తే చాలు, ఎవరు పెడుతున్నారో అక్కర్లేదంది. అక్కడ పేరు రాయమన్నది జనం రాకుండా ఉండటానికి. ఇక్కడ మావాళ్ళు పేరు దాచుకునేది జనం రావటానికి. హుకుం లేకుండానే మేం అరవై ఏళ్ళుగా ఆ దెబ్బకి కాచుకుని బతుకుతున్నాం. 2022లో కర్ణాటకలో జాతరల్లో ముస్లింలు కొట్లు పెట్టకూడదన్నారు, హలాల్ మాంసం కొనొద్దన్నారు. మన మిత్రులు ముక్కున వేలేసుకున్నారు. అయ్యో కర్ణాటక ఎట్లా అయిపోయిందో చూడండి, మన తెలుగునేల అట్లాంటిది కాదు అన్నారు.

కాదా? 2015లో మన ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం జీవో 426 ఇచ్చింది. దేవస్థానాల దుకాణాల వేలంలో హిందువులు కానివాళ్ళు పాల్గొనకూడదని. ముఖ్యమంత్రి తెలుగుదేశం, దేవాదాయ మంత్రి బీజేపీ. దోర్నాల దాటి ఘాటెక్కితే శ్రీశైలం. అక్కడ ఏళ్ళ తరబడి కొట్లు నడుపుకుంటున్న ముస్లింలు కోర్టుకెక్కారు. 2019లో హైకోర్టు జీవోనే సమర్థించింది. 2021 డిసెంబరులో సుప్రీంకోర్టు, మతాన్ని బట్టి ఎవరినీ వేలం నుంచి తప్పించడానికి వీల్లేదని ఉత్తర్వు ఇచ్చేదాకా ఆరేళ్ళు. ఈ ఆరేళ్ళలో ప్రభుత్వం మారింది, జీవో మారలేదు. ఎన్ని సభలు పెట్టారు మీరు? ఎన్ని కరపత్రాలు వేశారు? శివరాత్రికి కొండకి కాలినడకన పోయే భక్తుడికి దారిలో సోడా కొట్టిచ్చినవాడు ఎవరని ఆ భక్తుడు ఏనాడూ అడగలేదు. అడగమని నేర్పింది సర్కారు.

హలాల్ సంగతి వచ్చింది కాబట్టి ఒక మాట. మా నాన్నమ్మ ఊళ్ళో, పల్నాటి పల్లెలో, ఎవరింట్లో వేట తెగాలన్నా సాయిబుని పిలుచుకెళ్ళేవాళ్ళు. పెళ్ళైనా, మొక్కుబడైనా. తాత బిస్మిల్లా అని కోసి, తలో తోలో తీసుకుని వచ్చేవాడు. అది సమానత్వమని చెప్పను, అదీ చాకిరీయే. కానీ ఆ మాంసం అంటు కాలేదు, జిహాద్ కాలేదు. ఇవాళ ఒంగోలు గిత్త బ్రెజిల్‌లో నెలోర్ అనే పేరుతో మందలు మందలుగా పెరిగి లోకానికి మాంసమవుతోంది, మనం దాన్ని తెలుగువాడి కీర్తి అని చెప్పుకుంటాం. అదే ఒంగోలు సంతలో ముసలి ఎద్దుని కొనుక్కుని తోలుకెళ్ళే ఖురేషీ కుర్రాడు రోడ్డు మీద దొంగ. 1977 చట్టం కూడా పనికిరాని ఎద్దుని సర్టిఫికెట్ మీద కోయొచ్చనే అంటుంది. చట్టం చదివినవాడు కాదు, కర్ర పట్టుకున్నవాడు ఆపుతాడు లారీని.

ఇక తాగేదాని గురించి. రాష్ట్రంలో అన్నిటికంటే పెద్ద పానీయాల వ్యాపారి ఎవరంటే ప్రభుత్వమే. 2019 అక్టోబరు నుంచి అయిదేళ్ళు మద్యం కొట్లు తనే నడిపింది. డిగ్రీ చదివిన పిల్లల్ని సూపర్‌వైజర్లుగా, ఇంటర్ పిల్లల్ని సేల్స్‌మెన్‌గా కాంట్రాక్టు మీద పెట్టుకుంది. 2024 అక్టోబరులో 3,396 కొట్లనీ లాటరీ తీసి ప్రైవేటుకి ఇచ్చి ఆ పిల్లల్ని రోడ్డు మీదికి పంపింది. మాకిది హరామ్ అని మౌల్వీలు చెప్తారు, చెప్పనివ్వండి. ఇంట్లో ఎరువుల కొట్లో పనని అబద్ధం చెప్పి మందు కొట్లో సీసాలు అందించిన మా పిల్లలు నాకు తెలుసు. పని హరామో హలాలో తేల్చే తీరిక ఆకలికి లేదు. కానీ నేను చెప్పదలచింది అది కాదు. ఆ కొట్లకి తోడు ఇంకో 340 కొట్లు గీత కులాలకి కేటాయించారు. కల్లు గీసినవాడికి ఆ వ్యాపారంలో వాటా ఉండాలన్న సూత్రం అందులో ఉంది. బ్రహ్మాండమైన సూత్రం, నేను చేతులెత్తి సమర్థిస్తాను. అదే సూత్రం పొయ్యి దగ్గరికి ఎందుకు రాదు? మునిసిపాలిటీలు కట్టే షాపు గదుల్లో, బస్టాండు క్యాంటీన్లలో, హైవే పక్కన ఇచ్చే జాగాల్లో వండేవాడికి, కోసేవాడికి, బండి తోసేవాడికి వాటా ఎందుకుండదు? మావాళ్ళకొక్కళ్ళకే అనడం లేదు. చేపలమ్మే బెస్తామెకి, కూరలమ్మే మాల మాదిగ తల్లికి, అందరికీ. 2014లో వీధి వ్యాపారుల చట్టం వచ్చింది. సర్వే చేసి, కార్డులిచ్చి, కమిటీలో వాళ్ళకీ చోటిచ్చి, ఆ తర్వాతే ఎవర్నైనా కదిలించాలని అందులో ఉంది. 2020లో పదివేల అప్పు పథకం కూడా వచ్చింది. అప్పు ఇస్తారు, నిలబడే చోటు ఇవ్వరు. పదివేలు పెట్టి కొన్న బండిని మంత్రిగారొస్తున్నారంటే ట్రాక్టరులో ఎత్తుకుపోతారు.

ఇంత తిట్టినవాణ్ణి మావాళ్ళని వదిలేస్తే అది నిజాయితీ కాదు. మసీదు ముందర కట్టిన కాంప్లెక్సుల్లో గదులు ఎవరికి దక్కుతున్నాయి? పెద్దమనుషులకి, వాళ్ళ బావమరుదులకి. తక్కువ అద్దెకి తీసుకుని ఎక్కువ అద్దెకి ఇచ్చే హాజీసాబులున్నారు. అదే మసీదు మెట్ల పక్కన ఖర్జూరాలు అమ్ముకునేవాణ్ణి నమాజుకి అడ్డమని తోలేస్తారు. ఖురేషీ ఇంటి పిల్లనిస్తామంటే మొహం చిట్లించే సయ్యద్‌లూ పఠాన్‌లూ, దూదేకుల వాణ్ణి అసలు ముస్లిమేనా అని వెక్కిరించే నాలుకలూ మాలోనే ఉన్నాయి. అన్నిటికంటే పెద్ద మోసం ఇంకొకటుంది. దమ్ బిర్యానీ అంటే మగవాడి విద్య అని మేం కూడా నమ్ముతాం. మా తమ్ముడికి మసాలా పాళ్ళు నేర్పింది మా అమ్మ. బియ్యం ఎన్ని పొంగులకి దించాలో చెప్పింది మా అమ్మ. హోటలుకి పోయే అల్లం వెల్లుల్లి ముద్ద ఇప్పటికీ రోజూ నూరేది మా మరదలు. దానికి కూలి లేదు. తమ్ముడికి మాస్టర్ అనే పేరైనా ఉంది. ఆమెకి అదీ లేదు. హోటల్ ఓనరుని నేను నిలదీసినప్పుడు ఆమె కూడా మా తమ్ముణ్ణీ, నన్నూ నిలదీయొచ్చు.

మొన్న మొహర్రం తర్వాత మా తమ్ముడు హోటల్ మానేశాడు. అడ్వాన్సు తీరిపోయింది. పాత టాటా ఏస్ ఒకటి కొన్నాడు, వెనకాల పొయ్యి బిగించాడు. సాయంత్రం పూట మార్కెట్ యార్డు గోడ పక్కన పెడతానన్నాడు. ఫ్లెక్సీ కొట్టించాలని నన్ను తీసుకెళ్ళాడు, చదువుకున్నవాణ్ణని. కంప్యూటరు ముందు కూర్చున్న కుర్రాడు పేరేం పెట్టమంటారన్నాడు. తమ్ముడు నావైపు చూశాడు.

‘నువ్వే చెప్పు భయ్యా.’

‘నీ బండి, నువ్వు చెప్పు.’

వాడు కాసేపు గోడమీద అంటించిన పాత ఫ్లెక్సీల వంక చూశాడు. తర్వాత అమ్మ పేరు చెప్పాడు. మా అమ్మ పేరు ఫాతిమున్నీసా. కుర్రాడు టైపు చేయబోయి ఆగి, ‘అన్నా, ఏమనుకోకు, ఫ్రెండ్స్ బిర్యానీ అని పెట్టుకోరాదా? అందరూ వస్తారు’ అన్నాడు. మంచి కుర్రాడే.

తమ్ముడు జేబులోంచి రెండొందలు తీసి బల్లమీద పెట్టాడు. ‘ఫా’కి దీర్ఘం ఉంటుంది, చూసుకో అన్నాడు.